స్మార్ట్ గ్రిడ్: వీధిలోకి వచ్చే ముందు పరీక్ష ఎక్కడ?

లక్ష్మీ నగర్ (న్యూఢిల్లీ): యమునా నదికి తూర్పున, వికాస్ మార్గ్‌ను ఆనుకుని ఉన్న లక్ష్మీ నగర్ దేశం నలుమూలల నుంచి చార్టర్డ్ అకౌంటెన్సీ శిక్షణ కోసం వచ్చే విద్యార్థులకు సుపరిచితమైన పేట. ఇరుకు సందులు, వాటికి ఇరువైపులా నాలుగైదు అంతస్తుల ఇళ్ళు, మెట్ల కింద వరుసగా బిగించిన మీటర్లు, స్తంభాల మీద చిక్కుపడిన తీగలు ఇక్కడి సాధారణ దృశ్యం. పగలు కోచింగ్ కేంద్రాల్లోనూ, రాత్రి అద్దె గదుల్లోనూ ఎయిర్ కండిషనర్లు పనిచేస్తాయి. తూర్పు ఢిల్లీ వీధుల్లో తిరిగే ఈ-రిక్షాల బ్యాటరీలు రాత్రి పూట ఇవే తీగల మీద ఆధారపడతాయి. ఈ భారానికి తోడు ఇప్పుడు డాబాల మీద సౌరఫలకాలు, గోడల మీద స్మార్ట్ మీటర్లు, ఉపకేంద్రాల ఆవరణలో భారీ బ్యాటరీలు చేరే కాలం వచ్చింది.

ఇవన్నీ ఒకే తీగ మీద కలిసి పనిచేయవలసిన పరికరాలు. విడివిడిగా చూస్తే ప్రతిదానికీ ఒక పరీక్ష, ఒక ధ్రువపత్రం ఉన్నాయి. కాని వేర్వేరు తయారీదారుల పరికరాలు వందల సంఖ్యలో ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కిందికి చేరినప్పుడు ఎలా ప్రవర్తిస్తాయన్నది ముందుగా ఎక్కడ తేల్చాలన్నదే ప్రస్తుత ప్రశ్న. పరీక్షశాలలో బయటపడే లోపానికి మూల్యం కొన్ని రోజుల శ్రమ మాత్రమే. అదే లోపం వీధిలో బయటపడితే వినియోగదారుని బిల్లు నుంచి లైన్‌మన్ ప్రాణం వరకు ఏదైనా మూల్యం కావచ్చు.

నష్టాల నుంచి నాణ్యత వైపు

తూర్పు ఢిల్లీ విద్యుత్ చరిత్ర ఈ సందర్భంలో గుర్తు చేసుకోదగినది. ఢిల్లీ విద్యుత్ బోర్డును 2002 జూలైలో విభజించి పంపిణీని ప్రైవేటు రంగానికి అప్పగించే నాటికి ఈ ప్రాంతంలో సాంకేతిక, వాణిజ్య నష్టాలు 60 శాతాన్ని మించి ఉన్నాయి. అంటే పంపిణీ అయిన ప్రతి 100 యూనిట్లలో 40 యూనిట్లకు కూడా డబ్బు వసూలు కాలేదు. తూర్పు, మధ్య ఢిల్లీలకు విద్యుత్తు సరఫరా చేసే బీఎస్ఈఎస్ యమునా పవర్ సంస్థ పరిధిలో ఆ నష్టాలు ఇటీవలి సంవత్సరాలలో 10 శాతం లోపునకు దిగివచ్చాయి. లక్ష్మీ నగర్ ఈ సంస్థ పరిధిలోనిదే. ఢిల్లీ ప్రభుత్వానికి ఇందులో 49 శాతం వాటా ఉంది.

దొంగ కొక్కేలను అరికట్టడం, పాత మీటర్లను మార్చడం మొదటి దశ. రెండవ దశ అంతకంటే సంక్లిష్టమైనది. పూర్వం విద్యుత్తు ఒకే దిశలో, కేంద్రం నుంచి ఉపకేంద్రానికి, అక్కడి నుంచి ఇంటికి ప్రవహించేది. సౌరఫలకాలు వచ్చిన తరువాత మధ్యాహ్నం వేళ ఇంటి నుంచి వీధిలోకి కూడా ప్రవహిస్తుంది. 230 వోల్టులు ఉండవలసిన చోట వీధి చివరి ఇంట్లో వోల్టేజి పెరుగుతుంది. సాయంత్రం సూర్యుడు అస్తమించగానే ఎయిర్ కండిషనర్ల భారమంతా తిరిగి గ్రిడ్ మీద పడుతుంది. 2024 జూన్ 19న ఢిల్లీ గరిష్ఠ వినియోగం 8,656 మెగావాట్లకు చేరి రికార్డు సృష్టించింది. అదే సంవత్సరం మే 30న దేశవ్యాప్త గరిష్ఠ వినియోగం 250 గిగావాట్లను తాకింది. ఇంతటి భారంలో చిన్న పొరపాటుకు కూడా చోటు ఉండదు.

2012 జూలై పాఠం

పొరపాటుకు చోటు లేదన్న సంగతి లక్ష్మీ నగర్ వాసులకు ఒకరు చెప్పవలసినది కాదు. 2012 జూలై 30 తెల్లవారుజామున ఉత్తర గ్రిడ్ కుప్పకూలింది. మరుసటి రోజు మధ్యాహ్నం ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు మూడూ ఒకేసారి పడిపోయాయి. 60 కోట్లకు పైగా ప్రజలు నివసించే ప్రాంతం చీకటిలో మునిగింది. ఢిల్లీ మెట్రో రైళ్ళు ఆగిపోయాయి. అధిక భారంతో నడుస్తున్న బీనా-గ్వాలియర్ 400 కిలోవోల్టుల లైను తెగిపోవడంతో ఈ పతనం ఆరంభమైంది.

దక్షిణాది గ్రిడ్ అప్పటికి మిగతా దేశంతో ఏకకాలికంగా అనుసంధానమై లేనందున తెలుగువారి ప్రాంతం ఆ రెండు రోజులూ సురక్షితంగా బయటపడింది. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ 765 కిలోవోల్టుల లైను ద్వారా దక్షిణాది కూడా జాతీయ గ్రిడ్‌లో కలిసింది. దేశమంతా ఒకే గ్రిడ్ కావడం వల్ల మిగులు ఉన్న చోటు నుంచి కొరత ఉన్న చోటికి విద్యుత్తు తరలించడం సులభమైంది. అదే సమయంలో ఒక మూల తలెత్తిన అలజడి మరో మూలకు పాకే అవకాశం కూడా ఏర్పడింది. కాబట్టి తూర్పు ఢిల్లీలో ఒక డాబా మీది ఇన్వర్టర్ నాణ్యత హైదరాబాదు వినియోగదారునికి బొత్తిగా సంబంధం లేని విషయమని అనుకోవడానికి వీలులేదు.

రెండు సెకన్ల పరీక్ష

పరీక్షశాలలో జరిగే పరీక్షలలో అత్యంత ముఖ్యమైనది సామాన్యునికి అంతగా తెలియనిది. వీధిలో మరమ్మతు కోసం లైన్‌మన్ సరఫరా నిలిపివేసి స్తంభం ఎక్కుతాడు. అతని లెక్క ప్రకారం తీగలో విద్యుత్తు లేదు. కాని ఆ వీధిలోని డాబా మీద ఎండ కాస్తూనే ఉంటుంది. సౌరఫలకాల ఇన్వర్టర్ ఆ సంగతి గుర్తించక విద్యుత్తును తీగలోకి పంపుతూ ఉంటే ఆ వీధి నిర్జీవమైన గ్రిడ్‌లో ఒక సజీవ ద్వీపంగా మిగులుతుంది. ఆ తీగను ముట్టుకున్న మనిషి బతికి బయటపడటం కష్టం.

ఈ ప్రమాదాన్ని నివారించే సామర్థ్యం ఇన్వర్టర్‌కు ఉన్నదో లేదో తేల్చే పద్ధతిని భారత ప్రమాణాల సంస్థ 2014 నాటి ఐఎస్ 16169 ప్రమాణంలో నిర్దేశించింది. ఇన్వర్టర్ ఉత్పత్తి చేసే విద్యుత్తుకు సరిగ్గా సమానమైన భారాన్ని పరీక్షశాలలో కృత్రిమంగా అమర్చుతారు. ఉత్పత్తి, వినియోగం సరిసమానంగా ఉన్నప్పుడే గ్రిడ్ పోయిన సంగతిని గుర్తించడం ఇన్వర్టర్‌కు అత్యంత కష్టం. ఆ స్థితిలో గ్రిడ్‌ను హఠాత్తుగా తొలగించి, ఇన్వర్టర్ ఎంత సేపట్లో ఆగిందో కొలుస్తారు. రెండు సెకన్లలో ఆగితే ఉత్తీర్ణత, లేకుంటే తిరస్కారం.

గ్రిడ్‌తో కలిసే సౌర వ్యవస్థను అమర్చుకున్న పలువురు గృహస్థులు కరెంటు పోగానే తమ ఫలకాలు కూడా పనిచేయడం మానేశాయని ఆశ్చర్యపోతుంటారు. అది లోపం కాదు. లైన్‌మన్ ప్రాణ రక్షణ కోసం ఉద్దేశించిన ఏర్పాటు. ఇళ్ళలో చాలా కాలంగా వాడుతున్న బ్యాటరీ ఇన్వర్టర్‌కు, దీనికి తేడా ఇదే.

కంప్యూటర్‌లో ఒక పేట

ఒక్క ఇన్వర్టర్‌ను పరీక్షించడం ఒక ఎత్తు, వంద ఇన్వర్టర్లున్న వీధిని పరీక్షించడం మరో ఎత్తు. పరీక్షశాలలో ఒక వీధిని మొత్తం నిర్మించడం సాధ్యం కాదు. ఈ చిక్కును ఇంజినీర్లు కంప్యూటర్ సహాయంతో అధిగమించారు. ఉపకేంద్రం, ట్రాన్స్‌ఫార్మర్లు, తీగలు, ఇళ్ళ భారం మొత్తాన్ని గణిత రూపంలో శక్తిమంతమైన కంప్యూటర్‌లో నింపుతారు. నిజమైన పరికరాన్ని, అది ఇన్వర్టర్ కావచ్చు, రిలే కావచ్చు, ఆ కంప్యూటర్‌కు ఒక యాంప్లిఫయర్ ద్వారా కలుపుతారు. పరికరం దృష్టిలో అది నిజమైన గ్రిడ్డే.

ఇక్కడ కాలపరిమితి అత్యంత కీలకం. మన దేశంలో ఏకాంతర విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు పూర్తి చేస్తుంది. ఒక్కో ఆవృత్తికి పట్టేది 20 మిల్లీసెకన్లు. సాధారణంగా ఈ కంప్యూటర్లు 50 మైక్రోసెకన్లకు ఒకసారి గ్రిడ్ స్థితిని తిరిగి లెక్కిస్తాయి. అంటే ఒక్క ఆవృత్తిలో 400 సార్లు. లెక్క ఏ మాత్రం వెనుకబడినా పరీక్ష చెల్లదు. సూర్యుని స్థానంలో కూడా ఒక విద్యుత్ పరికరాన్నే ఉంచి, అర్ధరాత్రి వేళ మధ్యాహ్నపు ఎండను, దానిని హఠాత్తుగా కప్పేసే మేఘాన్ని సృష్టించవచ్చు. 2012 నాటి పతనం వంటి దానిని ఎవరికీ హాని లేకుండా వంద సార్లు పునరావృతం చేసి చూడవచ్చు.

అమెరికాలోని కొలరాడో రాష్ట్రం గోల్డెన్ పట్టణంలో అక్కడి ఇంధన శాఖ 2013లో ప్రారంభించిన ఇంధన వ్యవస్థల సమీకరణ కేంద్రం ఈ తరహా పరీక్షలకు ప్రసిద్ధి చెందింది. సుమారు 13.5 కోట్ల డాలర్ల వ్యయంతో దానిని నిర్మించారు. మెగావాట్ స్థాయి పరికరాలను నేరుగా అనుకరణ గ్రిడ్‌కు కలిపి చూడటం అక్కడ సాధ్యం. మన దేశంలో కాన్పూర్ ఐఐటీ, అమెరికాలోని వాషింగ్టన్ స్టేట్ విశ్వవిద్యాలయం నాయకత్వంలో 2017లో స్మార్ట్ పంపిణీ వ్యవస్థలపై ఉభయ దేశాల ఉమ్మడి పరిశోధన ఆరంభమైంది.

జన్మాష్టమి నాటి చీకటి

పరీక్ష చాలకపోతే ఏమి జరుగుతుందో ఢిల్లీకి పొరుగునే ఉన్న ఉత్తరప్రదేశ్ చవిచూసింది. 2020 ఆగస్టు 12న శ్రీకృష్ణ జన్మాష్టమి నాడు ఆ రాష్ట్రంలో స్మార్ట్ మీటర్లు అమర్చిన లక్షన్నరకు పైగా ఇళ్ళలో హఠాత్తుగా సరఫరా నిలిచిపోయింది. లైన్లలో లోపం లేదు, విద్యుత్ కొరత లేదు. దూరం నుంచి కనెక్షన్ తొలగించే ఆదేశం పొరపాటున ఆ మీటర్లకు వెళ్ళింది. పండుగ పూట ఇళ్ళు చీకటిలో ఉండిపోయాయి. ప్రభుత్వం విచారణకు ఆదేశించి, కొత్త మీటర్ల బిగింపును కొంతకాలం నిలిపివేసింది.

పాత మీటర్ యూనిట్లను లెక్కించడమే తప్ప మరో పని చేసేది కాదు. స్మార్ట్ మీటర్‌లో లెక్కించే భాగంతో పాటు సరఫరాను తెంచే స్విచ్, వార్తలను పంపే రేడియో లేదా సిమ్ కార్డు ఉంటాయి. వాటి వెనుక లక్షలాది మీటర్లతో సంభాషించే కేంద్ర కంప్యూటర్ ఉంటుంది. స్మార్ట్ మీటర్ల కోసం 2015లో ఐఎస్ 16444 ప్రమాణం వెలువడింది. దాని ప్రకారం మీటర్ ఖచ్చితత్వాన్ని, స్విచ్ మన్నికను, ఉష్ణోగ్రతను తట్టుకునే శక్తిని, సమాచార మార్పిడి పద్ధతిని పరీక్షిస్తారు. శక్తిమంతమైన అయస్కాంతాన్ని దగ్గరకు తెచ్చి మీటర్ మోసపోతుందేమో చూస్తారు.

అయితే జన్మాష్టమి నాటి లోపం మీటర్‌ది కాదు. మీటర్ తనకు వచ్చిన ఆదేశాన్ని పాటించింది. లోపం ఆదేశాలు పంపిన వ్యవస్థది. ఒక్క మీటర్‌ను బల్ల మీద ఉంచి చేసే పరీక్షలో అది కనిపించదు. మీటర్, సమాచార మార్గం, కేంద్ర కంప్యూటర్ మూడింటినీ కలిపి, తప్పుడు ఆదేశాన్ని కావాలని పంపి, ఎక్కడ ఆగుతుందో చూసే పరీక్ష అవసరం. కేంద్ర ప్రభుత్వం 2021లో 3,03,758 కోట్ల రూపాయల అంచనాతో ప్రకటించిన పంపిణీ రంగ పునరుద్ధరణ పథకం కింద 25 కోట్ల స్మార్ట్ మీటర్లు లక్ష్యమైన నేపథ్యంలో ఈ అవసరం మరింత తీవ్రమైనది.

మన పరీక్షశాలలు

లక్ష్మీ నగర్ చుట్టుపక్కల పరీక్ష సదుపాయాలు లేకపోలేదు. 1960లో బెంగుళూరు కేంద్రంగా నెలకొల్పిన కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థకు నోయిడాలో ప్రాంతీయ పరీక్షశాల ఉంది. 1978లో స్వయంప్రతిపత్తి పొందిన ఈ సంస్థ ఇచ్చే ధ్రువపత్రాన్ని విద్యుత్ సంస్థలు ప్రామాణికంగా పరిగణిస్తాయి. గుర్‌గావ్ సమీపంలోని గ్వాల్ పహారీలో 1982లో సౌరశక్తి కేంద్రంగా ఆరంభమై, 2013లో స్వయంప్రతిపత్తి గల జాతీయ సౌరశక్తి సంస్థగా మారిన కేంద్రంలో సౌరఫలకాలను పరీక్షిస్తారు. మానేసర్‌లో పవర్ గ్రిడ్ కార్పొరేషన్ స్మార్ట్ గ్రిడ్ విజ్ఞాన కేంద్రాన్ని నెలకొల్పింది. స్మార్ట్ మీటర్లు, సూక్ష్మ గ్రిడ్, విద్యుత్ వాహనాల చార్జింగ్ వంటివి ఎలా పనిచేస్తాయో అక్కడ విద్యుత్ సంస్థల సిబ్బందికి ప్రత్యక్షంగా చూపుతారు.

తెలుగు నేలకు కూడా ఈ రంగంలో చెప్పుకోదగిన స్థానం ఉంది. కేంద్ర విద్యుత్ పరిశోధన సంస్థకు చెందిన అత్యధిక వోల్టేజి పరిశోధనశాల హైదరాబాదులోని ఉప్పల్‌లో ఉంది. కేంద్రం దేశవ్యాప్తంగా చేపట్టిన ప్రయోగాత్మక స్మార్ట్ గ్రిడ్ పథకాలలో ఒకటి జీడిమెట్ల పారిశ్రామికవాడలో అమలైంది. సుమారు 11,900 మంది వినియోగదారులు దాని పరిధిలోకి వచ్చారు. భారీ ట్రాన్స్‌ఫార్మర్లను షార్ట్ సర్క్యూట్ పరీక్షల కోసం విదేశాలకు ఓడలలో పంపవలసి వచ్చే దుస్థితిని తొలగించేందుకు ప్రభుత్వరంగ సంస్థలు కలిసి 2009లో ఒక కంపెనీని స్థాపించి, మధ్యప్రదేశ్‌లోని బీనాలో అధిక శక్తి పరీక్షశాలను నిర్మించాయి.

ఈ వరుసను గమనిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. భారీ పరికరాలను, విడి వస్తువులను పరీక్షించడంలో దేశం చాలా దూరం వచ్చింది. పేట స్థాయిలో సౌరఫలకాలు, బ్యాటరీలు, మీటర్లు, వాహనాల చార్జర్లు ఒకదానితో ఒకటి ఎలా మసలుకుంటాయో తేల్చే పరీక్ష మాత్రం ప్రధానంగా పరిశోధన సంస్థల పరిధిలోనే ఉండిపోయింది. పరికరం అమ్మకానికి అటువంటి పరీక్ష ముందస్తు షరతు కాలేదు.

విదేశాల అనుభవం

ఈ ఉపేక్ష ఖరీదైనదని సంపన్న దేశాల అనుభవం చెబుతున్నది. గ్రిడ్ పౌనఃపున్యం 50.2 హెర్ట్‌జ్ దాటగానే సౌర ఇన్వర్టర్లు ఆగిపోవాలని జర్మనీ నిబంధన పెట్టినప్పుడు ఆ దేశంలో సౌరఫలకాలు స్వల్పం. తరువాత అవి వేలాది మెగావాట్లకు పెరిగాయి. అవన్నీ ఒకే క్షణంలో ఆగిపోతే ఐరోపా గ్రిడ్ వద్ద తక్షణ అవసరానికి సిద్ధంగా ఉండే 3,000 మెగావాట్ల నిల్వ ఏ మూలకూ చాలదని ఇంజినీర్లు ఆలస్యంగా గుర్తించారు. 2012లో ప్రత్యేక ఉత్తర్వు జారీ చేసి 3 లక్షలకు పైగా వ్యవస్థలను సరిచేయవలసి వచ్చింది.

కాలిఫోర్నియాలో 2016 ఆగస్టు 16న కార్చిచ్చు వల్ల లైన్లలో లోపం తలెత్తగా, ఆ క్షణికమైన అలజడిని పలు ఇన్వర్టర్లు తప్పుగా అర్థం చేసుకున్నాయి. పౌనఃపున్యం పడిపోయిందని భ్రమించి ఆగిపోయాయి. ఫలితంగా సుమారు 1,200 మెగావాట్ల సౌర విద్యుత్తు గ్రిడ్ నుంచి మాయమైంది. ఆ ఇన్వర్టర్లు నాసిరకం కావు, అప్పటి నిబంధనల ప్రకారం తయారైనవే. అటువంటి సందర్భాన్ని పరీక్షలో ఎవరూ ఊహించకపోవడమే అసలు లోపం.

పది కిలోవాట్ల మినహాయింపు

మన దేశంలో ఈ ప్రశ్న ఇప్పుడు మరింత దగ్గరగా వచ్చింది. కోటి ఇళ్ళకు సౌరఫలకాలు లక్ష్యంగా 75,021 కోట్ల రూపాయల అంచనాతో 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం ఆరంభమైంది. 2025 మార్చి నాటికి 10 లక్షల ఇళ్ళలో వ్యవస్థలు అమరాయి. పథకం వేగవంతం కావడానికి అదే నెల, అంటే 2024 ఫిబ్రవరిలో, విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలను కేంద్రం సవరించింది. 10 కిలోవాట్ల లోపు సౌర వ్యవస్థకు సాంకేతిక సాధ్యాసాధ్యాల అధ్యయనం అవసరం లేదని, సక్రమమైన దరఖాస్తును ఆమోదించినట్లే భావించాలని అందులో పేర్కొన్నది.

సామాన్యునికి ఇది మేలు చేసే నిబంధనే. దరఖాస్తులు నెలల తరబడి కార్యాలయాలలో మూలుగుతూ ఉండటం అందరికీ తెలిసినదే. అయితే ప్రతి ఇంటికీ విడిగా అధ్యయనం ఉండదు గనుక, వీధి మొత్తానికి ముందుగా అధ్యయనం చేయవలసిన బాధ్యత పంపిణీ సంస్థ మీద మరింత పెరుగుతుంది. డాబా చిన్నదై, దాని మీద నీటి ట్యాంకులు, కింద పలువురు అద్దెదారులు ఉండే లక్ష్మీ నగర్ వంటి పేటలలో వేరొక చోట అమర్చిన ఫలకాల ఉత్పత్తిని పలువురి బిల్లులలో జమకట్టే పద్ధతికి ఢిల్లీ నియంత్రణ మండలి 2019లోనే మార్గదర్శకాలు జారీ చేసింది. ఆ లెక్క సరిగా ఉండాలంటే మీటర్లు, కంప్యూటర్లు తప్పు చేయరాదు.

నిల్వ విషయంలో ఢిల్లీ ముందంజలోనే ఉంది. రోహిణిలో 2019లో 10 మెగావాట్ల బ్యాటరీ కేంద్రం ప్రారంభమైంది. దక్షిణ ఢిల్లీలోని కిలోకరీ ఉపకేంద్రం వద్ద 2025లో 20 మెగావాట్ల సామర్థ్యంతో, రెండు గంటల పాటు సరఫరా చేయగల మరో కేంద్రం సిద్ధమైంది. మధ్యాహ్నపు ఎండను రాత్రికి దాచుకోవడానికి ఇవి తొలి మెట్లు.

వినియోగదారునికి దక్కేదేమిటి?

స్మార్ట్ మీటర్ వేగంగా తిరుగుతున్నదన్న అనుమానం దేశమంతటా వినవస్తున్నది. ఈ అనుమానాన్ని ప్రకటనలతో తొలగించడం సాధ్యం కాదు. 2024 నాటి సవరణ ప్రకారం మీటర్ రీడింగ్ వాస్తవ వినియోగానికి అనుగుణంగా లేదని వినియోగదారుడు ఫిర్యాదు చేస్తే, పంపిణీ సంస్థ 5 రోజులలో అదనపు మీటర్ బిగించి, కనీసం 3 నెలల పాటు రెండింటి లెక్కలను సరిపోల్చాలి. ఇది ఒక విధంగా ఇంటి గోడ మీదే ఏర్పాటయ్యే పరీక్షశాల. ఈ హక్కు ఉన్నదన్న సంగతి తెలిసినవారు తక్కువ.

ఇదే సూత్రాన్ని పేట స్థాయికి విస్తరించడం అసాధ్యమేమీ కాదు. నోయిడా, గ్వాల్ పహారీ, మానేసర్ కేంద్రాలు, రాజధానిలోని ఐఐటీ అన్నీ కొన్ని పదుల కిలోమీటర్ల పరిధిలోనే ఉన్నాయి. లక్ష్మీ నగర్ వంటి ఒక పేట తీగల పటాన్ని, వినియోగ వివరాలను వ్యక్తుల పేర్లు లేకుండా పరీక్షశాలకు అందిస్తే, మరో పదేళ్ళ తరువాతి భారాన్ని ఇప్పుడే అక్కడ సృష్టించి చూడవచ్చు. ఏ ట్రాన్స్‌ఫార్మర్ ముందు కాలిపోతుందో, ఏ వీధిలో వోల్టేజి హద్దు దాటుతుందో, ఏ ఇన్వర్టర్ తొందరపడి ఆగిపోతుందో తేలుతుంది. ఆ ఫలితాలను పంపిణీ సంస్థతో పాటు నియంత్రణ మండలి, వినియోగదారుల సంఘాలు కూడా చూడగలగాలి.

మీటర్ల మీద, బ్యాటరీల మీద వెచ్చిస్తున్న వేల కోట్లతో పోలిస్తే ఇందుకయ్యే వ్యయం స్వల్పమే. తీగ చల్లగా ఉన్నదని నమ్మి స్తంభం ఎక్కే లైన్‌మన్, బిల్లు నిజమని నమ్మి చెల్లించే అద్దెదారు ఇద్దరూ తాము చూడని పరీక్షశాల మాట మీదే ఆధారపడుతున్నారు. ఆ మాట నిలబడేలా చూడవలసిన బాధ్యత పరికరాలను వీధిలోకి అనుమతిస్తున్న ప్రభుత్వాలదే.